పొల్లు నుంచి పదం దాకా

ప్లేస్కూల్ బోర్డు మీద ఫోనిక్స్ అన్న మాట లేకపోతే అది పాతకాలపు బడి అనుకునే రోజులొచ్చాయి. నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఫ్లాష్ కార్డుల పెట్టె, గోడకు శబ్దాల చార్టు, ఫోన్లో ఏబీసీ పాటల యాప్ మామూలైపోయాయి. అయితే ఎంతో ఆశతో కొన్న పెట్టె నెల తిరక్కుండానే అటకెక్కే ఇళ్లూ ఉన్నాయి. అలాంటప్పుడు దీనివల్ల ఒరిగేదేమీ లేదని కొందరు, ఇది ఇంగ్లిష్ మాట్లాడే కుటుంబాలకే తప్ప మనకు కుదరదని కొందరు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఫోనిక్స్‌కు గట్టి ఆధారాలున్నాయి. దాన్ని ఇంట్లో నేర్పడానికి కావలసిన సరంజామాలో సగం తెలుగు భాషే మనకు ఇచ్చి ఉంచింది. శబ్దాన్ని శుద్ధంగా పలకడం, ఒక వరుస ప్రకారం నేర్పడం, చదివిన ప్రతి మాటకూ అర్థం ముడివేయడం అనే మూడు పనులూ జరిగితే అట్టముక్కల మీద రాసుకున్న అక్షరాలతోనే పిల్లలు చదువుతారు. అవి జరగకపోతే ఎంత ఖరీదైన కిట్టు కొన్నా ప్రయోజనం ఉండదు.

ఫోనిక్స్‌లోని మూలసూత్రం చిన్నదే. ఇంగ్లిష్ అక్షరానికి పేరు ఒకటి, పలుకు మరొకటి. 'ఎస్' అన్నది పేరు, 'స్' అన్నది పలుకు. 'ఎమ్' అన్నది పేరు, 'మ్' అన్నది పలుకు. పేర్లు మాత్రమే వచ్చిన పిల్ల 'పీ, ఐ, ఎన్' అంటుంది. ఆ మూడింటినీ ఎంత వేగంగా కలిపినా 'పిన్' రాదు. పలుకులు తెలిసిన పిల్ల 'ప్, ఇ, న్' అనుకుంటూ తనంతట తానే 'పిన్' దగ్గరికి చేరుతుంది. ఇలా కలపడాన్ని బ్లెండింగ్ అంటారు. విన్న మాటను మళ్లీ పలుకులుగా విడదీసి రాయడం దానికి జంట పని. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26 అయినా మాటల్లో వినిపించే శబ్దాలు దాదాపు 44. అందుకే కొన్ని శబ్దాల కోసం అక్షరాలు జట్టు కడతాయి. 'ఎస్', 'హెచ్' కలిసి 'ష్' అవుతాయి. 'సీ', 'హెచ్' కలిసి 'చ్' అవుతాయి. ఈ జతలన్నిటినీ తేలికైనవాటి నుంచి కష్టమైనవాటి దాకా ఒక క్రమంలో నేర్పడమే ఈ పద్ధతి.

తెలుగులో చదువు మొదలుపెట్టిన పిల్లలకు ఈ చిక్కు ఎదురవదు. 'క' అక్షరం పేరూ 'క'నే, పలుకూ 'క'నే. 'క', 'ల', 'ము' అని చదువుకుంటూ పోతే 'కలము' వచ్చేస్తుంది. అదే అలవాటుతో ఇంగ్లిష్‌నూ పట్టుకున్నాం కాబట్టే 'సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి' అని తరాల తరబడి వల్లించాం. అక్కడ 'సీ ఏ టీ'కీ 'క్యాట్'కీ ఉన్న సంబంధం ఏమిటో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఇంగ్లిష్ రాత ఎంత చిక్కైనదో 2003లో ఫిలిప్ సీమోర్ బృందం ప్రచురించిన అధ్యయనం చూపించింది. ఇంగ్లిష్‌తో కలిపి 13 యూరప్ భాషల్లో చదువు నేర్చుకుంటున్న పిల్లలను వారు పోల్చారు. బడిలో మొదటి ఏడాది ముగిసేసరికి ఫిన్లండ్ పిల్లలు మాటల్లో 98 శాతం సరిగ్గా చదివితే, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న స్కాట్లండ్ పిల్లలు 34 శాతమే చదవగలిగారు. స్కాట్లండ్ పిల్లలు వయసులో చిన్నవాళ్లన్నది నిజమే కానీ, రెండో ఏడాది చివరికి కూడా వారు 76 శాతం దగ్గరే ఉన్నారు. ఇంటి భాషగా ఇంగ్లిష్ ఉన్నవాళ్లకే ఇంత సమయం పడుతున్నప్పుడు, ఆ రాతలోని మర్మాన్ని విప్పి చెప్పకుండా మన పిల్లలు దాన్ని వాళ్లంతట వాళ్లే పసిగడతారనుకోవడం అన్యాయం.

ఈ మర్మాన్ని విప్పి చెప్పాలా, లేక పుస్తకాల మధ్య పెరిగితే అదే వస్తుందా అన్న వాదం అమెరికాలో దశాబ్దాల పాటు సాగింది. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ రాసిన 'వై జానీ కాంట్ రీడ్' అన్న పుస్తకం, మాటలను బొమ్మల్లా గుర్తుపెట్టించే బోధనను తప్పుపట్టింది. 1967లో జీన్ చాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను వడపోసి, అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెను మొదటే నేర్పడం మేలని తేల్చారు. అదే ఏడాది కెనెత్ గుడ్‌మన్ చదవడమంటే సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ పోవడమేనని వాదించారు, ఆ ఆలోచన చాలా బడుల్లో పాతుకుపోయింది. 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 38 అధ్యయనాలను కలిపి చూసి, క్రమబద్ధంగా ఫోనిక్స్ నేర్చుకున్న పిల్లలు మెరుగ్గా చదువుతున్నారనీ, చదువు తొలి ఏళ్లలో ఈ లాభం ఎక్కువనీ నివేదించింది. ఇంగ్లండ్‌లో 2006లో జిమ్ రోజ్ సమీక్ష ఇదే దారి చూపింది. 2012 నుంచి అక్కడ ఒకటో తరగతి ఈడు పిల్లలతో 40 మాటలు చదివిస్తున్నారు. అందులో 20 అసలు మాటలు, 20 అర్థం లేని కల్పిత మాటలు. కల్పిత మాటను ఎవరూ ముందే కంఠతా పట్టి ఉండరు కనుక, బిడ్డకు నిజంగా చదవడం వచ్చిందో లేదో అక్కడ తేలిపోతుంది.

తెలుగు ఇంట్లో ఈ పని మొదలుపెట్టగానే ఒక పొరపాటు జరుగుతుంది. మన హల్లులో 'అ' కలిసే ఉంటుంది కనుక, 'బీ' అక్షరం పలుకు 'బ' అని చెప్పేస్తాం. అప్పుడు బిడ్డ 'బ, ఇ, గ' అని ఎన్నిసార్లు కలిపినా 'బిగ్' రాదు, ఎందుకు రాదో అర్థంకాక విసిగిపోతుంది. ఈ 'అ' తోకను కత్తిరించాలని ఇంగ్లిష్ ఉపాధ్యాయులకు శిక్షణలో పదేపదే చెప్పాల్సి వస్తుంది. తెలుగువాళ్లకు మాత్రం పొల్లు అన్న ఒక్క మాట చాలు. అచ్చు లేని హల్లును రాసి చూపించే గుర్తు మన చేతిలో ఉంది. కార్డు వెనక పెద్దలు తమ కోసం 'బ్', 'గ్', 'మ్' అని రాసుకుంటే నోరు జారదు. 'స్', 'మ్', 'న్', 'ఫ్' లాంటి వాటిని సాగదీసి పలకవచ్చు కాబట్టి కలపడం వీటితో మొదలుపెడితే తేలిక. 'ప్', 'ట్', 'క్' సాగవు, వాటిని పొట్టిగా తెంచి పలకాలి. బ్లెండింగ్ కూడా మనకు కొత్త విద్య కాదు. 'ప్'కి 'ఇ' చేరితే 'పి', 'ఉ' చేరితే 'పు' అని చెప్పే గుణింతం అదే పని చేస్తోంది. గుణింతాన్ని పట్టికలా అప్పజెప్పించడంతో ఆగిపోకుండా, రెండు పలుకులు కలిసి ఒకటవడాన్ని చెవికి వినిపించేలా చదివిస్తే తెలుగూ గట్టిపడుతుంది, ఇంగ్లిష్‌కూ దారి పడుతుంది.

రెండో అడ్డంకి మాట చివర వస్తుంది. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చును కోరుకుంటుంది. పెన్ను, బస్సు, బుక్కు, గేటు అలాగే మనవయ్యాయి. తెలుగు మాట్లాడేటప్పుడు అలా అనడమే సహజం. అయితే 'పిన్' అన్న కార్డు చదివేటప్పుడు బిడ్డ చెవికి చివరి పలుకు 'న్' అని కాక 'న్ను' అని వినిపిస్తే, రాసేటప్పుడు లేని అక్షరం కోసం వెతుక్కుంటుంది. మన ఆటలు కూడా మాటను అక్షరాలుగానే విడగొడతాయి. అంత్యాక్షరిలో పట్టుకునేది చివరి అక్షరాన్ని, క భాషలో 'క' చేర్చేది ప్రతి అక్షరానికీ. అక్షరం కన్నా చిన్నదైన శబ్దాన్ని వినే అలవాటు మన పిల్లలకు తక్కువ. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిలో చదువు నేర్చుకునే పిల్లలపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో కూడా, శబ్దాన్ని అంత సూక్ష్మంగా పట్టుకునే శక్తి నెమ్మదిగా వస్తుందని తేలింది. అందుకే ఇంగ్లిష్ కార్డు తీయకముందు తెలుగు మాటలతోనే చెవిని సిద్ధం చేయాలి. పిల్లి, పులి, పాలు, పెరుగు అన్న నాలుగింట్లోనూ మొదట వినిపించేది ఏమిటని అడగాలి. 'ప్' అన్న జవాబు వచ్చిన నాడు, అక్షరాన్ని దాటి శబ్దం దాకా బిడ్డ చెవి వెళ్లినట్టు.

ఇక వరుస సంగతి. ఏ, బీ, సీ, డీ వరుస నిఘంటువుకు పనికొస్తుంది కానీ చదువు మొదలుపెట్టడానికి అనువుగా ఉండదు, ఆ నాలుగు అక్షరాలతో తయారయ్యే చిన్న మాటలు చాలా తక్కువ. బ్రిటన్‌లో స్యూ లాయిడ్, సారా వెర్నమ్ రూపొందించిన జాలీ ఫోనిక్స్ 42 శబ్దాలను గుంపులుగా నేర్పుతుంది. అందులో మొదటి గుంపు ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్. ఈ ఆరింటితోనే సిట్, పిన్, టిన్, టిప్, ప్యాన్, ట్యాప్, న్యాప్, స్పిన్ లాంటి మాటలు ఇరవైకి పైగా చదవవచ్చు. మొదటి రెండు మూడు వారాల్లోనే తాను చదవగలనన్న నమ్మకం బిడ్డకు కలుగుతుంది. 'ట్యాప్'లోని అచ్చుకు మనకు ప్రత్యేక అక్షరం లేకపోయినా మన నోటికి అది కొత్త కాదు. 'వచ్చాడు', 'తెచ్చాడు' అనేటప్పుడు చాలామంది నోట పలికే దీర్ఘం దానికి చాలా దగ్గర. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. ముందు నిన్నటి కార్డులు తిరగేయాలి, తర్వాత ఒక పలుకు కొత్తగా చెప్పాలి, ఆ పలుకు ఉన్న ఆరేడు మాటలు చదివించాలి, చివర రెండు మూడు మాటలు చెప్పి రాయించాలి. రాయడాన్ని వదిలేయకూడదు. చదివేటప్పుడు కంటితో దాటేసే అక్షరం రాసేటప్పుడు చేతిని ఆపుతుంది. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టడం కన్నా రోజూ కాసేపు చేసిందే నిలుస్తుంది.

సామగ్రి కొనేవాళ్లు చూడవలసింది రంగులను కాదు, అది చెప్పే శబ్దాలను. బజారులో దొరికే చాలా చార్టుల మీద 'ఐ ఫర్ ఐస్‌క్రీమ్', 'జీ ఫర్ జిరాఫ్', 'ఎక్స్ ఫర్ జైలోఫోన్' అని ఉంటుంది. బిడ్డ మొదట నేర్చుకోవలసింది 'ఇంక్'లోని 'ఇ', 'గేట్'లోని 'గ్', 'బాక్స్' చివరి 'క్స్'. ఆ బొమ్మలేమో ఇంకేవో శబ్దాలు చెబుతాయి. పాటల వీడియోలైతే పెద్దలు ముందు తాము విని, హల్లుల వెనక 'అ' తోక లేదని నిర్ధారించుకోవాలి. చదివించే చిన్న పుస్తకంలో అప్పటిదాకా నేర్చుకున్న పలుకులతో చదవగలిగే మాటలే ఎక్కువగా ఉండాలి, వీటిని డీకోడబుల్ పుస్తకాలు అంటారు. మాట పక్కనే బొమ్మ ఉంటే బిడ్డ అక్షరాలు వదిలేసి బొమ్మ చూసి ఊహిస్తుంది కనుక, ముందు మాట చదివించి తర్వాత బొమ్మ చూపించడం మేలు. కిట్టు కొనలేని ఇల్లు ఏమీ కోల్పోదు. పాత పెళ్లిపత్రికల అట్టలు కత్తిరించి స్కెచ్ పెన్నుతో ఒక్కో పలుకు రాసుకుంటే అవే కార్డులు. యాప్ ఎంత బాగున్నా, బిడ్డ నోరు మెదపకుండా తెర చూస్తున్నంతసేపూ జరిగేది వినోదమే. కార్డు పట్టుకుని ఎదురుగా కూర్చుని, పలికినదాన్ని విని సరిచేసే మనిషి ఉంటేనే అది చదువు అవుతుంది.

ఇంగ్లిష్ స్పెల్లింగులకు నియమమే లేనప్పుడు ఈ శబ్దాలు నేర్పి ఏం లాభం అన్నది బలంగా వినిపించే ఆక్షేపణ. నియమానికి లొంగని మాటలున్నాయి, అవి బాగా వాడుకలో ఉన్నవి కూడా. అయితే అలాంటి మాటలో సాధారణంగా తిరగబడేది ఒక్క భాగమే. 'సెడ్' అన్న మాట రాసినప్పుడు మొదటి 'ఎస్', చివరి 'డీ' తమ పలుకులే పలుకుతాయి, మధ్యలోని 'ఏ, ఐ' జత ఒక్కటే దారి తప్పుతుంది. ఆ ఒక్క చోటును వేలితో చూపించి ఇది ఇక్కడ 'ఎ' అంటుంది అని చెబితే సరిపోతుంది, మాట మొత్తాన్నీ బొమ్మలా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నియమం తెలిసిన పిల్లలకే అపవాదం అపవాదంగా కనిపిస్తుంది. నియమం తెలియనివాళ్లకు భాషలోని ప్రతి మాటా కంఠస్థం చేయవలసిందే, ఆ బరువుకు అంతు లేదు.

మా ఇంగ్లిష్ అంతంతమాత్రం, మా యాస పిల్లలకు అంటుకుంటుందేమో అన్న భయం ఇంకొకటి, ముఖ్యంగా అమ్మలను ఇది వెనక్కి లాగుతోంది. ఫోనిక్స్ నేర్పడానికి ధారాళంగా మాట్లాడే ఇంగ్లిష్ అవసరం లేదు, నలభై చిల్లర పలుకులు స్పష్టంగా వస్తే చాలు. యాస సంగతికొస్తే లండన్‌లో ఒక యాస, గ్లాస్గోలో ఇంకో యాస, టెక్సస్‌లో మరొకటి. అన్ని చోట్లా పిల్లలు చదువుకుంటున్నారు. 'జెడ్' అక్షరాన్ని 'జ్' అన్నంత మాత్రాన 'జిప్' చదవడం ఆగదు. ప్రతిసారీ ఒకేలా పలకడం, అచ్చును జోడించకపోవడం, ఈ రెండూ యాస కన్నా ముఖ్యం. పెద్దగా చదువుకోని తల్లి అయినా పలుకుల ఆడియో వింటూ బిడ్డతో పాటే నేర్చుకోవచ్చు, రోజుకు ఒక్క పలుకే కదా.

మావాడు కథల పుస్తకం గడగడా చదివేస్తున్నాడు, వాడికెందుకు ఇదంతా అని అడిగేవారూ ఉన్నారు. వాడు చదువుతున్నాడో, వల్లిస్తున్నాడో తెలుసుకోవడానికి ఇంగ్లండ్ పరీక్షలోని ఉపాయాన్నే ఇంట్లో వాడవచ్చు. 'పిమ్', 'టిబ్' లాంటి లేని మాటలు రాసి చూపించండి. వాటిని చదివితే నిశ్చింతగా ఉండవచ్చు, తడబడితే ఇప్పటిదాకా నడిపించింది జ్ఞాపకశక్తి అన్నమాట. కొన్ని వందల మాటల దాకా జ్ఞాపకం ఆదుకుంటుంది. మూడు, నాలుగు తరగతుల్లో సైన్సు, సోషల్ పుస్తకాలు తెరిచేసరికి ముందెన్నడూ చూడని మాటలు వరసకడతాయి, అక్కడ ఊహ పనికిరాదు. పలుకులు కలిపి చదవడం వచ్చిన పిల్లలు కొత్త మాట ఎదురైన ప్రతిసారీ దాన్ని తమకు తామే నేర్పుకుంటారని డేవిడ్ షేర్ 1995లో వివరించారు. కథల ఆనందాన్ని ఈ కార్డులు చంపేస్తాయన్న బాధా అక్కర్లేదు. పది నిమిషాలు పలుకులకు పోగా, రాత్రి పడుకునే ముందు పెద్దలు చదివి వినిపించే కథకు అడ్డేమీ లేదు, ఆ కథ తప్పనిసరిగా ఉండాలి కూడా. 2022లో ఇంగ్లండ్ విధానాన్ని విమర్శించిన డొమినిక్ వైజ్, ఆలిస్ బ్రాడ్‌బరీ కూడా ఫోనిక్స్‌ను మానేయమనలేదు. దాన్ని నిజమైన పుస్తకాలకు దూరంగా, విడిగా బోధించవద్దన్నారు. ఆ మాటను ఇంట్లో పాటించడం బడిలో కన్నా సులువు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ అర్థానికి సంబంధించింది. ఫోనిక్స్ వచ్చిన బిడ్డ పేజీ మొత్తం పైకి చదివి, అందులో ఏముందో చెప్పలేకపోవచ్చు. తెలుగు ఇళ్లలో ఈ ప్రమాదం నిజంగా ఉంది. 1986లో ఫిలిప్ గాఫ్, విలియమ్ టన్మర్ చదవడాన్ని ఒక గుణకారంగా చూపించారు. అక్షరాలను మాటగా మార్చగలగడం ఒకటి, ఆ భాష విన్నప్పుడు అర్థంకావడం రెండోది. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. లండన్ పిల్ల 'ట్యాప్' అని చదవగానే ఆ మాట ఆమె ఎప్పుడో విన్నదే కనుక అర్థం తడుతుంది. మన పిల్లకు అది వట్టి శబ్దంగా మిగిలిపోవచ్చు. అందువల్ల ఇక్కడ ఫోనిక్స్‌కు ఒక అదనపు మెట్టు అవసరం. చదివిన ప్రతి మాటనూ తెలుగులో చెప్పాలి, చూపించాలి, చేయించాలి. 'ట్యాప్' చదివాక కుళాయి దగ్గరికి వెళ్లాలి, 'సిట్' చదివాక కూర్చోవాలి. అర్థం చెప్పడానికి తెలుగు వాడితే ఇంగ్లిష్ పాడవుతుందన్న అపోహను ఇంట్లోంచి తరిమేయాలి, బిడ్డకు లోకం తెలిసింది ఆ భాషలోనే కాబట్టి.

రెండు లిపులు ఒకేసారి మొదలుపెడితే బిడ్డ గందరగోళపడుతుందన్న శంకకు కూడా జవాబు ఇక్కడే ఉంది. తెలుగు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిపితే నేర్చుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి, వాటికి ఒకటి రెండేళ్లు కాదు, మూడు నాలుగేళ్లయినా పట్టవచ్చు. అందుకని తెలుగును తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టకూడదు. రాసింది రాసినట్టు పలికే లిపిలో, తెలిసిన మాటలతో, గీతలు శబ్దాలను మోస్తాయన్న సత్యం బిడ్డకు తేలిగ్గా అందుతుంది. అది ఒకసారి అందాక రెండో లిపిలో మళ్లీ మొదటి నుంచీ వెతుక్కోనక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు సుమారు 27 శాతమే. ఇది ఇంగ్లిష్ లెక్క కాదు, బడి నేర్పే భాషలో చదివిన లెక్క. చదవడం అన్న విద్యే అందనప్పుడు మాధ్యమం ఏదైనా ఒకటే. కనుక ఇంట్లో రెండు పూటలుంటే ఒక పూట ఇంగ్లిష్ పలుకుకు, ఒక పూట తెలుగు కథకు ఇవ్వాలి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు తక్కువ ధరకే వస్తాయి.

అందరు పిల్లలూ ఒకే వేగంతో రారు. నాలుగేళ్లకు చెవి ఆటలు, ఐదేళ్లకు పలుకులు అనుకున్నా ఆరు నెలలు అటూ ఇటూ అవడం మామూలే. చిన్న 'బీ', చిన్న 'డీ' తారుమారు చేయడం ఆరేడేళ్ల దాకా చాలామందిలో కనిపిస్తుంది, అది జబ్బు కాదు. ఓపిగ్గా నెలల తరబడి నేర్పాక కూడా పలుకులు కలపలేకపోతుంటే, నిన్న వచ్చింది ఇవాళ పూర్తిగా మాయమవుతుంటే, ముందు వినికిడి, చూపు పరీక్ష చేయించాలి. ఆ తర్వాత డిస్లెక్సియా ఉందేమో నిపుణులకు చూపించాలి. ఇలాంటి అభ్యసన సమస్యలను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది, కాబట్టి బడి నుంచి సాయం అడగడానికి సంకోచించనక్కర్లేదు. ఆ పిల్లలకు శబ్దాలను ఇంకా చిన్న మెట్లుగా, ఇంకా ఎక్కువసార్లు నేర్పాలి. బద్ధకం అని తిట్టడం, పక్కింటి పిల్లతో పోల్చడం వాళ్లను పుస్తకానికి శాశ్వతంగా దూరం చేస్తాయి.

చదవడం నేర్పడం బడి పని, ఇంటి మీద మోపడమేమిటని అడగవచ్చు. ఆ బాధ్యత నుంచి బడి తప్పించుకోకూడదు, దాన్ని నిలదీయవలసిందే. కానీ నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి నోట 'ప్' ఎలా పలుకుతోందో వినే తీరిక ఉపాధ్యాయులకు దొరకదు, ఇంట్లో ఆ పది నిమిషాలు ఉంటాయి. తన మాట విని, తప్పును కోపం లేకుండా సరిచేసే మనిషి ఉన్న బిడ్డకు చదువు భయం కాదు. బిడ్డను ఇంగ్లిష్ మాధ్యమంలో చేర్చిన ప్రతి తెలుగు కుటుంబం ఈ మాత్రం చేయగలదు. డబ్బున్న ఇంటికే దక్కే విద్యగా ఫోనిక్స్ మారకుండా ఉండాలంటే, అది పెట్టెలో అమ్మే వస్తువు కాదని, పొల్లు పలకగలిగిన ప్రతి తల్లీ తండ్రీ నేర్పగలిగే విద్య అని ముందు మనం నమ్మాలి.